తలుపుకి అడ్డంగా బకెట్టు

ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో కుర్చీ దొరకడం కన్నా లోపల బెడ్డు దొరకడం తేలిక. కుర్చీలు లేక కాదు. దూరం నుంచి వరసకి వరస ఖాళీగానే కనిపిస్తాయి. దగ్గరికెళ్తే ఒకదాంట్లో చేతిరుమాలు, ఒకదాంట్లో నీళ్ల సీసా, ఒకదాంట్లో ఎవరిదో కళ్లజోడు దర్జాగా కూర్చుని ఉంటాయి. వాటి తాలూకు మనుషులు మాత్రం గోడకి ఆనుకుని నిలబడి, తమ రుమాలుకి ఎవరైనా అన్యాయం చేస్తారేమోనని కాపలా కాస్తుంటారు. జబ్బు ముందు అందరూ సమానమేనని డాక్టర్లు అంటారు గానీ, కుర్చీ ముందు కాదు.

ఆ పూట డిటెక్టివమ్మ కూడా నిలబడే ఉంది. నలభై దాటిన మనిషి, ఎడమ మోకాలు నొప్పి, భుజానికి పెద్ద సంచి. ఆవిడ దగ్గరికొచ్చే కేసుల్లో చాలావరకు పెళ్లి సంబంధాలే. కాబోయే అల్లుడు చాటుగా సిగరెట్టు తాగుతాడా, పంపించిన ఫొటో ఎన్నేళ్ల కిందటిది, మేనేజర్ అని చెప్పుకునే వరుడు నిజంగా దేన్ని మేనేజ్ చేస్తున్నాడు, ఇలాంటివి. హత్యలూ కుట్రలూ ఆవిడ వీధి దాకా వచ్చేవి కావు. ఈసారి వచ్చింది ఏమిటో ఇంకా తేలలేదు. అనుమానం ఉన్న చోటు ఈ ఆస్పత్రిలోని రేడియేషన్ గది. ప్రాణం మీదికి వచ్చిందేమోనని భయపడాల్సిన మనిషి సొంత అక్క.

ఆ అక్క ఎదురుగా మూడు కుర్చీల్లో కూర్చుని ఉంది. ఒకదాంట్లో తను, ఒకదాంట్లో సంచి, మూడోదాంట్లో శాలువా. కొత్తగా చేరిన ఒకావిడకి ధైర్యం చెబుతోంది.

"నన్ను చూడమ్మా, నన్ను చూసి భయపడతావా? రొమ్ము కాన్సర్. ఆపరేషనైంది, ఇప్పుడు కరెంటు పెడుతున్నారు. చర్మం కాలిపోతుందన్నారు, వాంతులన్నారు. ఏవీ? కావాలంటే లోపలికి రా, చూపిస్తాను. మచ్చ ఉంటే అడుగు!"

అక్క అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ తల వెనకాల గోడ మీద ఫ్లెక్సీ ఉంది. అందులో అక్క ఫొటోనే ఉంది, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. దాని కింద పెద్ద అక్షరాలు: ఒక్క సైడ్ ఎఫెక్టూ లేని రేడియేషన్, మన కాలనీవాసుల చందాలతో కట్టిన మన ఆస్పత్రిలోనే!

"దేనివల్లంటారు?" అడిగింది కొత్తావిడ.

"కొబ్బరినూనె. పొద్దునా రాత్రీ."

"కాదండీ, శ్వాస వ్యాయామం" అన్నాడు పక్క వరసలోంచి గొంతు కాన్సర్ హెడ్ క్లర్కు. ఉద్యోగం మానేసి పదేళ్లయినా ఆ మనిషి మాటకి సీలు వేసినట్టే మాట్లాడతాడు. "నెల కిందట నాకు నీళ్లు దిగేవి కావు. ఇప్పుడు చూడండి" అంటూ బిస్కెట్టు టీలో ముంచకుండానే కరకర నమిలి చూపించాడు. హాల్లో ఇద్దరు చప్పట్లు కొట్టారు.

డిటెక్టివమ్మ చప్పట్లు కొట్టలేదు. మొదట్లో అక్క చంక కింద చర్మం ఎండలో వదిలేసిన తోలులా నల్లబడి, రవిక తొడుక్కోలేక ఏడవడం ఆవిడ చూసింది. తరవాత అది మానిపోయింది. కరెంటు రోజూ పెడుతుండగానే మానిపోయింది. హెడ్ క్లర్కు గొంతు కూడా అప్పుడే. చివరి వరసలో కూర్చునే డ్రైవరుకి కూడా అప్పుడే. అందరికీ తగ్గడం మొదలైంది మూడు వారాల కిందటే. ఒకరికి తగ్గితే అదృష్టం అనుకోవచ్చు. ఇద్దరికి తగ్గితే మందు మంచిదనుకోవచ్చు. హాలు మొత్తానికి ఒకే వారంలో తగ్గితే అది కేసు.

గుమ్మం దగ్గర బావ కనిపించాడు. అక్క మొగుడు, పళ్ల డాక్టరు. సైగ చేసి చెల్లెల్ని కారిడార్‌లోకి పిలిచాడు.

"కడిగాను" అన్నాడు.

బావకి ఏదీ పారేసే అలవాటు లేదు. క్లినిక్‌లో కంప్యూటర్ ఎక్స్‌రే వచ్చాక కూడా, తపాలా బిళ్లంత ఉండే పాత పళ్ల ఫిల్ములు ఫ్రిజ్‌లో నిమ్మకాయల పక్కన దాచుకున్నాడు. ఆ పిసినారితనం మీద అక్క ముప్ఫయ్యేళ్లుగా వేస్తున్న జోకులన్నీ నిన్న ఒక్క పూటలో వెనక్కి తీసుకోవాల్సి వచ్చేది, తెలిసుంటే. నిన్న అక్క గౌను మార్చుకునేటప్పుడు డిటెక్టివమ్మ ఒక ఫిల్ము పొట్లాన్ని ఆవిడ ఒంటి మీద గీతల మధ్యలో ప్లాస్టర్‌తో అంటించింది. రేడియేషన్ ఎక్కడ పడాలో గుర్తుగా డాక్టర్లు మార్కర్‌తో గీసిన గీతలవి. వాటి మీద అక్కకున్న శ్రద్ధ పెళ్లి ఫొటోల మీద కూడా లేదు. చెరిగిపోతాయని మనవరాల్ని కూడా కౌగిలించుకోవడం మానేసింది. "చెమటకి గీత చెరగకుండా ప్లాస్టర్" అని చెల్లెలు చెబితే నమ్మేసింది.

బావ చొక్కా జేబులోంచి రెండు ఫిల్ములు తీసి కిటికీ వెలుతురుకి పట్టాడు.

"ఇది నా క్లినిక్ మిషన్ కింద క్షణంసేపు పెట్టింది. చూడు, బొగ్గులా ఉంది. ఇది మీ అక్క ఒంటి మీద ఉన్నది." రెండోదానిలోంచి కిటికీ ఊచలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. "నా మిషను ఒక పన్ను చూడ్డానికి. ఇక్కడిది గడ్డని చంపడానికి. దీని ముందు నాది దోమ. ఇది మాడి మసవ్వాలి కదమ్మా."

"పాత ఫిల్ము కదా బావా, పాడైపోయిందేమో?"

"రెండూ ఒకే పెట్టెలోవి." బావ వాటిని ఆవిడ చేతిలో పెట్టాడు. "పాడైందని నువ్వే చెప్పు. నేను నమ్మేస్తాను."

డిటెక్టివమ్మ ఆ మాట చెప్పలేదు. రెండు ఫిల్ముల్నీ పర్సులో పెట్టుకుని ఒకటే అడిగింది. "ప్లాస్టర్ చూసి టెక్నీషియన్ ఏమన్నా అందా అక్కతో?"

"ఏమీ అనలేదట."

"మొదటివారం మెళ్లో సన్న గొలుసు ఉందని చెడామడా తిట్టిన పిల్ల, గీతల మీదికొచ్చిన ప్లాస్టర్‌ని చూసి ఏమీ అనలేదా? బావా, నువ్వు వెళ్లి అక్క దగ్గర కూర్చో. శాలువా తీస్తే కుర్చీ వస్తుంది."

*

మధ్యాహ్నం భోజనాల విరామంలో మిషన్ గది వైపు ఎవరూ రారు. బయట చిన్న గదిలో కంప్యూటర్ల ముందు టెక్నీషియన్ ఒక్కతే ఉంది. పాతికేళ్లుంటాయి. టిఫిన్ బాక్సు మూత తీసింది గానీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"లోపలికి రాకూడదు మేడమ్."

"అక్క శాలువా లోపల మర్చిపోయిందమ్మా" అంది డిటెక్టివమ్మ. పెళ్లి సంబంధాల కేసుల్లో అబద్ధం ఇంటి గుమ్మం తొక్కేలోపే తయారైపోవాలి.

"శాలువానా? ఈ మధ్య ఎవరూ తెచ్చుకోవట్లేదే."

"అదే నేనూ అనుకున్నా. ఇదివరకు ఆ గదిలో పళ్లు టకటకలాడేవి. ఇప్పుడు చలి ఎందుకు లేదు?"

అమ్మాయి టిఫిన్ బాక్సు మూత పెట్టేసింది.

"ఆ మిషను పనిచేసేటప్పుడు వేడెక్కిపోతుందని, దాన్ని చల్లబరచడానికి వెనక పెరట్లో పెద్ద యంత్రం రొద పెడుతుంటుందని మీరే చెప్పారటగా అక్కకి. పెరటి గోడ అవతల ఇంటాయన రొద భరించలేక మీ ఆఫీసుకి ఎన్నిసార్లో ఫోన్ చేశాడు. పొద్దున ఆయన్ని కలిశాను. ఈమధ్య బాగా నిద్ర పడుతోందట. మీ సూపరింటెండెంట్‌కి థాంక్స్ చెప్పమన్నాడు."

"మేడమ్, ప్లీజ్. నన్ను అడక్కండి."

"సరే. తలుపునే అడుగుతాను."

డిటెక్టివమ్మ లోపలికి నడిచింది. అడ్డంగా వేలాడుతున్న పచ్చ పరదా పక్కకి లాగింది. ఆ పరదా కూడా కొత్తదే. పేషెంట్ల మర్యాద కోసమని వేశారట. పరదా వెనక గోడంత మందం తలుపు, పట్టాల మీద పక్కకి జరిగేది. మీద బోర్డు: తలుపు పూర్తిగా మూసుకుంటేనే మిషన్ పనిచేస్తుంది. లోపలి కిరణం బయటివాళ్ల మీద పడకుండా ఏర్పాటు. ఇంతవరకు బాగానే ఉంది.

పట్టాల మధ్యలో నేల తుడిచే బకెట్టు ఉంది.

ఆవిడ తలుపు నెట్టింది. తలుపు భారంగా కదిలి, బకెట్టుకి తగిలి ఆగిపోయింది. మోకాలు తిట్టుకుంటూ వంగి బకెట్టు పైకెత్తింది. నేల మీద గుండ్రంగా తుప్పు మరక. మధ్యలో పలక తెల్లగా, చుట్టూ దుమ్ము మందంగా. తుడుపుకర్ర ఎండిపోయి చీపురులా గట్టిపడింది. నిన్నో మొన్నో పెట్టిన బకెట్టు కాదు.

ఈ బకెట్టు ఇక్కడున్నన్నాళ్లూ తలుపు మూసుకోలేదు. తలుపు మూసుకోనన్నాళ్లూ మిషన్ పనిచేయలేదు. కానీ గుమ్మం మీద ఎర్ర దీపం రోజూ ప్రతి పేషెంటుకీ వెలిగింది. లోపల బల్ల కదిలింది, మిషన్ తల తిరిగింది, గుయ్యిమని శబ్దం వచ్చింది. అక్క కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, గడ్డ చస్తోందని తృప్తిపడింది. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకుంది.

ఇంట్లో గీజరు పాడైతే రిపేరువాడు కూడా 'పనిచేయట్లేదమ్మా' అని చెప్పి పోతాడు. చల్లనీళ్లు పోసి వేడినీళ్లని చెప్పడు.

"బకెట్టు దింపండి" అంది వెనకనుంచి ఒక గొంతు.

చూడక్కర్లేదు, గొంతుని బట్టే తెలిసింది. ఈ ఎండలో కోటు వేసుకుని తిరిగేది ఊరంతటికీ ఒక్కడే. ఆవిడ వృత్తిలోనే ఉన్న రెండో డిటెక్టివ్. పేరుతో కాకుండా కోటు అనే అందరూ పిలుస్తారు. బోర్డు మీద 'అంతర్జాతీయ' అని రాయించుకున్నాడు. ఆ మాటకి ఆధారం ఒకసారి ఓడలో ప్రయాణం చేయడం.

"మీరెందుకొచ్చారు కోటుగారూ?"

"ఆస్పత్రి పిలిచింది. ఎవరో పనిగట్టుకుని పుకార్లు పుట్టిస్తున్నారు, పట్టుకోమన్నారు. పట్టుకున్నాను." వేలెత్తి ఆవిడకేసి చూపించాడు. "చేతిలో బకెట్టుతో సహా."

"పుకారు కాదు. చూడండి, తలుపు."

"అమ్మా, పెళ్లికొడుకులు గుట్కా నములుతారో లేదో వాసన చూసుకునే మీకు మిషన్లెందుకు? పేషెంట్లందరూ బాగున్నారు. బయట ఫ్లెక్సీలో మీ అక్కగారే చెబుతున్నారు. బాగుండటం కూడా నేరమేనా?"

"అవును. ఇక్కడ నేరమే. ఒంట్లోకి కిరణం వెళ్తే దాని గుర్తు ఒంటి మీద మిగలాలి. అందరికీ ఒకేసారి మిగలకుండా పోతే, వెళ్లలేదని."

"బకెట్టు చూసి ఇంత కథ అల్లారా! పనిమనిషి బద్ధకస్తురాలని కూడా అనుకోవచ్చుగా."

"మరి ఇది?" ఆవిడ పర్సులోంచి రెండు ఫిల్ములూ తీసి ఆయన అరచేతిలో పెట్టి, ఏది ఎక్కడిదో నాలుగు ముక్కల్లో చెప్పింది.

కోటు వాటిని పైకెత్తి చూశాడు. నల్లదాన్ని ఒకసారి. తెల్లదాన్ని చాలాసేపు. "పాతవి" అన్నాడు చివరికి. కానీ ఆ మాటలో ఇందాకటి బిగువు లేదు.

"ఫిల్ముల తప్పు కాదు సార్." టెక్నీషియన్ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. "ఆవిడ చెప్పింది నిజం."

ఇక ఆ అమ్మాయిని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. మూడు వారాల కిందట కిరణం పుట్టించే గొట్టం కాలిపోయింది. కొత్తది బయటినుంచి రావాలి. ఈ లోపల గదికి తాళం వేద్దామని మిషన్ కొలతలు చూసే ఫిజిసిస్టు అన్నాడు. ఆయన్ని సెలవు మీద పంపించేశారు. నెలాఖరుకి చందాదారుల సభ ఉంది. హాలు ఖాళీగా కనిపిస్తే చందాదారులు ఏమనుకుంటారని సూపరింటెండెంట్ భయం. అందుకని కిరణం లేకుండా బల్లా దీపం శబ్దం మాత్రం నడిపించమన్నాడు. "గొట్టం రాగానే సర్దేద్దాం, రెండు రోజుల పని" అన్నాడట.

"రెండు రోజులు మూడు వారాలయ్యాయి" అంది డిటెక్టివమ్మ. "ఒక్కరోజు కూడా నీ నోరు పెగల్లేదా?"

"ప్రతి రోజూ చెబుదామనే వచ్చేదాన్ని మేడమ్. రాగానే మీ అక్కగారు 'చల్లగా ఉండవే తల్లీ, నీ చేతి చలవ' అనేవారు. ఇంక నోరు వచ్చేది కాదు."

"నోరు రాకపోవడానికి కూడా మా అక్కే కారణమన్నమాట!" ఆవిడ బకెట్టుని నేలకేసి కొట్టింది. మోత గదంతా తిరిగింది. "ఫ్లెక్సీ ఎవరు వేయించారు? కిరణం లేదని తెలిసీ, కాలలేదని ఫొటో తీయించి గోడకెక్కించింది ఎవరు?"

"సూపరింటెండెంట్ గారే. ఎవరూ కంప్లయింట్ చేయలేదు కదా, మంచి పేరు వస్తోంది కదా అన్నారు."

వారానికోసారి వచ్చి చూసే పెద్ద డాక్టరు మాటేమిటని అడిగితే, ఆయనా చర్మం చూసి భేష్ అని, ఫ్లెక్సీ పక్కన ఫొటో దిగి వెళ్లాడట.

కోటు తన కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. ఆయన కోటు విప్పడం డిటెక్టివమ్మ ఇదే మొదటిసారి చూడటం. లోపల చొక్కా చెమటతో వీపుకి అతుక్కుపోయింది.

"ఫీజు ఎంత కావాలని అడిగారు నన్ను" అన్నాడు మెల్లగా. "డబ్బులొద్దు, మా అమ్మకి ఫ్రీగా కరెంటు పెట్టండి చాలన్నాను. పెడుతున్నారు. పదిహేను రోజుల్నుంచి. రోజూ నేనే ఎత్తుకుని బల్ల మీద పడుకోబెడుతున్నాను." కోటు మడిచి చేతి మీద వేసుకున్నాడు. "మొన్న అమ్మ అడిగింది, ఏరా, ఏమీ తెలియట్లేదేంటని. మనది అంతర్జాతీయ స్థాయి ట్రీట్‌మెంటమ్మా, తెలియదు అన్నాను."

డిటెక్టివమ్మ దగ్గర ఆయన మీద వేయడానికి ఇంకో మూడు ఎత్తిపొడుపులు తయారుగా ఉన్నాయి. మూడూ మింగేసింది.

"గొట్టం ఎప్పుడొస్తుందట?" అని మాత్రం అడిగింది టెక్నీషియన్‌ని.

"వచ్చేసింది మేడమ్. నిన్న బిగించారు. ఇవాళ రాత్రి తలుపు మూసి నడిపి చూస్తారట. రేపట్నుంచి నిజంగానే పెడతాం."

ఆ మాటకి ఇద్దరు డిటెక్టివులూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. వృత్తిలో వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. అది కూడా ఎంతోసేపు నిలవలేదు.

"కానీ..." అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "ముందు చెప్పిన తేదీకే అందరికీ పూర్తయిపోవాలట. సభలో వాళ్లని స్టేజి ఎక్కించి పూలదండలు వేయాలట. అందుకని పోయినదంతా కలిపి, రేపట్నుంచి రోజుకి రెండింతలు పెట్టమన్నారు. లెక్క సరిపోతుందిగా అంటున్నారు. నేను కాదంటే ఇంకొకరితో పెట్టిస్తారట."

"సరిపోతుందా?"

"ఇదేమన్నా పాలబాకీయా మేడమ్, నిన్నటిది ఇవాళ కలిపి పోయడానికి? ఫిజిసిస్టు గారైతే ఒప్పుకోరు. ఎవరికి ఎంత, ఎలా అనేది మళ్లీ మొదట్నుంచి ఆయన చూడాలి." అమ్మాయి తల దించుకుంది. "మీ అక్కగారిది ఎడమవైపు. ఆ గీతల వెనకాలే గుండె ఉంటుంది. రేపు పొద్దున మొదటి నంబరు ఆవిడదే. పోట్లాడి మరీ వేయించుకున్నారు."

కోటు ఫోన్ తీశాడు.

"ఎవరికి?"

"పోలీసులకి. గది సీలు చేయిస్తాను. సూపరింటెండెంట్‌ని ఈ హాల్లోంచే ఈడ్చుకెళ్లాలి. అందరూ చూడాలి."

"సీలు వేస్తే మిషన్ కూడా లోపలే ఉండిపోతుంది కోటుగారూ. మూడు వారాలకి ఇప్పుడు బాగైన మిషన్. కేసు తేలేదాకా తాళం తీయరు."

"ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తాను!"

"పగలంతా ప్రయాణం. మీ అమ్మగారు కూర్చోగలరా? అక్కడ మాత్రం ఎంతమంది రుమాళ్లు వేసుకుని ఉన్నారో! ఈ హాల్లోవాళ్లందరూ ఎక్కడికెళ్తారు? ఇప్పటికే మూడు వారాలు గడ్డలు హాయిగా పెరిగుంటాయి."

"అయితే నోరు మూసుకుందామా? వాడు రేపు రెండింతలు పెడుతుంటే చూస్తూ కూర్చుందామా?"

"ఫిజిసిస్టుని వెతుకుదాం. ఈ పూట ఆయన్ని తెచ్చి సూపరింటెండెంట్ ముందు నిలబెడితే..."

"ఎక్కడుంటాడో తెలుసా మీకు?"

తెలియదు. ఆవిడకి తెలిసింది ఆయన ఉద్యోగం ఒక్కటే.

కోటు నంబరు నొక్కేశాడు. స్పీకరు పెట్టాడు. ఫోన్ మోగుతోంది.

పరదా అవతల హాల్లోంచి అక్క గొంతు ఖణేల్‌మని వినిపిస్తోంది. కొత్తావిడకి తన సంచి ఉన్న కుర్చీ ఇచ్చేసినట్టుంది. "కూర్చో, కూర్చో, రేపు నీది కూడా మొదలేగా? ఏం భయపడకు. నా వెనకాలే వచ్చెయ్. ఒక్క మచ్చ పడితే నన్నడుగు!"

ఫోన్ ఇంకా మోగుతోంది.

ఇక్కడిదాకా చెప్పడం నా వంతు, చెప్పాను. ఇప్పుడేం చేయాలో నాకూ తోచడం లేదు. డిటెక్టివమ్మ చెయ్యి ఆ ఫోన్‌కి జానెడు దూరంలో ఉంది. లాక్కుని ఆపేస్తే, రేపు పొద్దుటిలోగా ఊరంతా గాలించి ఆ ఫిజిసిస్టుని పట్టుకోవాలి. దొరక్కపోతే అక్క మొదటి నంబరు. ఆపకపోతే దోషి జైలుకెళ్తాడు, మిషన్ తాళంలోకి వెళ్తుంది, హాలంతా ఇంటికెళ్తుంది. పోనీ అక్కని పక్కకి పిలిచి నిజం చెబుదామా అంటే, ఏ మొహంతో చెప్పడం? ఆవిడ మొహమేమో గోడ మీద నవ్వుతోంది.

బాబ్బాబు, మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి కష్టం దాటినవాళ్లుంటే చెప్పండి. కుర్చీ కోసమైతే నేనే ఏదో ఒక సలహా ఇచ్చేవాణ్ణి. ఇది నా వల్ల కావడం లేదు. ఆ ఫోన్ లాక్కోమంటారా, వద్దంటారా? కాస్త తొందరగా చెప్పండి. అవతల ఎవరో ఎత్తారు.